కంబం నుంచి కంపం గురించి



పోయిన నెల విమానం ఇంజను గురించి రాసినప్పుడు కింద చాలామంది అడిగిన ప్రశ్న ఒకటే. "అన్నా, మన పిల్లలు పైలట్ చదువుకు పోతా ఉండారు. చిన్న విమానంలో ఉండే మిషన్లను నమ్మొచ్చా? మబ్బులోకి పోతే దేన్ని చూసి నడుపుతారు?" ఒక్క మాటలో జవాబు చెప్తే మీరూ ఒప్పుకోరు, నాకూ నచ్చదు. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను. తెలుగు అక్షరం రాని పిల్లలకు ఇంట్లో పెద్దవాళ్ళు చదివి వినిపించండి.

ముందు ఒక తమాషా. మన ఊరు కంబం. వణుకుకు ఇంకో మాట కంపం. తమిళ అక్షరాల్లో రాస్తే రెండూ ఒకే మాదిరి కనిపిస్తాయి, ఎందుకంటే అక్కడ పకారానికీ బకారానికీ ఒకటే అక్షరం. మన అక్షరాల్లో తేడా తెలుస్తుంది. ఏర్‌ఫోర్సులో ఉన్నప్పుడు ఆంధ్రా వాళ్ళు "ఏ కంబం? ప్రకాశం జిల్లాలో పెద్ద చెరువున్న కంబమా?" అని అడిగేవాళ్ళు. కాదు బాబూ, సురుళి జలపాతం పక్కన, ద్రాక్షపందిళ్ళ కంబం అని చెప్పేవాణ్ణి. ఇరవై ఏళ్ళు అక్కడ ఇన్‌స్ట్రుమెంట్ ఫిట్టరుగా చేశాను. ఆ తర్వాత లైసెన్సు తీసుకుని చిన్న విమానాల ఏవియానిక్స్ పని చూశాను. అంటే కంబం వాడు బతుకంతా కంపంతోనే పోట్లాడాడు అనుకోండి.

ఇప్పుడు అసలు సంగతి. పైలట్ ముందు ఉండే తెర మీద పైన నీలం, కింద మట్టిరంగు, మధ్యలో ఒక గీత ఉంటుంది. ఆ గీతే దిగంతం. రెక్క కుడికి వాలితే గీత ఎడమకు వాలినట్టు కనిపిస్తుంది. ముక్కు లేస్తే గీత కిందికి దిగుతుంది. దీన్ని ఆటిట్యూడ్ అంటారు. ఆల్టిట్యూడ్ వేరు, అది ఎత్తు. విమానం గాలిలో ఎలా ఒరిగి ఉంది అన్నది ఆటిట్యూడ్, ఏ దిక్కుకు తిరిగి ఉంది అన్నది హెడింగ్. ఈ రెండూ చెప్పే పెట్టెను ఏహెచ్ఆర్ఎస్ అంటారు. ఆటిట్యూడ్ అండ్ హెడింగ్ రిఫరెన్స్ సిస్టం. మన పిల్లలు నేర్చుకునే నాలుగు సీట్ల విమానంలో అది ఒక సాంబారు గిన్నె అంత కూడా ఉండదు.

ఆ చిన్న పెట్టె అబద్ధం చెప్తే ఏమవుతుందో మన దేశం ఒకసారి చూసింది. 1978 జనవరి 1 రాత్రి బొంబాయి నుంచి దుబాయికి ఎయిర్ ఇండియా 855 లేచింది. బోయింగ్ 747, దాని పేరు ఎంపరర్ అశోక. సముద్రం మీదికి వచ్చాక కుడికి కొద్దిగా తిరిగి మళ్ళీ సమంగా నిలిచింది. కానీ కెప్టెన్ ముందున్న ఆటిట్యూడ్ సూచిక మాత్రం ఇంకా కుడికే వాలి ఉన్నట్టు చూపింది. ఆయన దాన్ని నమ్మి ఎడమకు తిప్పాడు. చీకటి, కింద నల్లటి సముద్రం, కంటికి దిగంతం లేదు. ఫ్లైట్ ఇంజనీరు తేడా గమనించి హెచ్చరించబోయాడు, అప్పటికే ఆలస్యమైంది. లేచిన రెండు నిమిషాల లోపే విమానం సముద్రంలో పడింది. 213 మంది, ఒక్కరూ మిగల్లేదు. అది కంపం వల్ల జరిగిందని నేను అనడం లేదు. ఆ గీత ఎంత విలువైనదో చెప్పడానికి రాస్తున్నాను.

ఇంకొకటి మన పక్కనే జరిగింది. 2021 డిసెంబరు 8న సూలూరు నుంచి వెల్లింగ్టన్‌కు బయల్దేరిన ఎంఐ-17 హెలికాప్టరు కూనూరు దగ్గర కొండకు కొట్టుకుంది. జనరల్ బిపిన్ రావత్ గారు, ఆయన భార్య, మొత్తం 14 మంది పోయారు. వాళ్ళలో చిత్తూరు జిల్లా నుంచి వచ్చిన మన తెలుగు బిడ్డ, లాన్స్ నాయక్ సాయితేజ ఒకడు. విచారణలో యంత్రలోపం కాదనీ, కుట్ర కాదనీ తేల్చారు. లోయలో వాతావరణం ఉన్నట్టుండి మారి మబ్బులోకి పోయారు, పైలట్‌కు దిక్కు, ఒరుగు తెలియకుండా పోయింది అన్నారు. మబ్బులోపల మన చెవిలోని నీళ్ళు మనకు అబద్ధం చెప్తాయి. చాలా మెల్లగా తిరిగితే మన ఒళ్ళు దాన్ని అసలు గుర్తించదు. సమంగా కూర్చున్నట్టే ఉంటుంది.

కంబంమెట్టు వైపు ఆడి నెలలో మబ్బు ఎట్లా దిగుతుందో మీరంతా చూసినవాళ్ళే. కేరళ వైపు నుంచి కొండ ఎక్కి, పాలు పొంగినట్టు పొంగి, అరగంటలో కొండ కనపడకుండా చేస్తుంది. అందులో ఉన్న మనిషికి ఆ గీత ఒక్కటే దిక్కు.

లెక్క చెప్తాను చూడండి. గంటకు 185 కిలోమీటర్లు, అంటే 100 నాట్ల వేగంతో పోయే చిన్న విమానం ఒక్క డిగ్రీ ఒరిగి ఉంటే నిమిషానికి దాదాపు 11 డిగ్రీలు దారి తిరుగుతుంది. ఐదు డిగ్రీలు ఒరిగితే నిమిషానికి 57 డిగ్రీలు. పెట్టె ఐదు డిగ్రీల అబద్ధం చెప్తే, నేరుగా పోతున్నానని నమ్మే పైలట్ రెండు నిమిషాల్లో లోయ దారి వదిలి కొండ వైపు ముక్కు తిప్పి ఉంటాడు. పక్కన దిక్సూచి ఉంది, రెండో పరికరం ఉంది, వాటిని కూడా చూడాలని నేర్పుతారు. ఆ 1978 కెప్టెన్‌కు కూడా పక్కన వేరే పరికరాలు ఉన్నాయి. తెలిసినవాడికి కూడా మబ్బులో, చీకట్లో సమయం చాలదు.

ఇంక ఆ పెట్టె లోపల ఏముందో చూద్దాం. పాతకాలంలో బొంగరం ఉండేది. గాలితోనో కరెంటుతోనో నిమిషానికి వేల చుట్లు తిరిగే చక్రం. తిరిగే బొంగరం తన నిలువును వదలదు కదా, విమానం దాని చుట్టూ ఒరుగుతుంది, ఆ తేడాను సూది చూపిస్తుంది. ఇప్పుడు బొంగరం పోయింది. గోరంత సిలికాన్ ముక్కలో కంటికి కనపడని ఒక బరువు సెకనుకు వేలసార్లు ఇటూ అటూ ఊగుతూ ఉంటుంది. పెట్టె తిరిగితే ఊగే బరువు కొంచెం పక్కకు లాగుతుంది. ఆ లాగుడును కొలిచి ఎంత వేగంగా తిరిగిందో చెప్తుంది. ఇది మొదటి సాక్షి, జైరో.

జైరో చురుకైనవాడు, కానీ మతిమరుపువాడు. కొంచెం కొంచెం తప్పు కూడుతూ పోయి కాసేపటికి దారి తప్పుతాడు. అందుకని రెండో సాక్షి ఉంటాడు, యాక్సిలరోమీటర్. వీడు భూమి ఎటు లాగుతుందో చెప్తాడు. మన మేస్త్రీ చేతిలో ఉండే రసమట్టం లాంటివాడు. కానీ రసమట్టాన్ని మదురై బస్సులో ఒడిలో పెట్టుకుని చూడండి. డ్రైవరు బ్రేకు వేస్తే రోడ్డు వాలకపోయినా బుడగ పరుగెత్తుతుంది. అంటే వీడి మాట క్షణం క్షణం నమ్మకూడదు, చాలాసేపు చూసి సగటు తియ్యాలి. మూడో సాక్షి మాగ్నెటోమీటర్, ఉత్తరం ఎటుందో చెప్తాడు. లోపలి కంప్యూటరు ఊరి పెద్ద మాదిరి ముగ్గురి మాటా విని తీర్పు చెప్తుంది. ఆ తీర్పే తెర మీద గీత.

కంపం వచ్చి చేసే పని ఏమిటంటే, ఒకేసారి ఇద్దరు సాక్షులకు లంచం ఇస్తుంది.

ఎట్లా అంటే, ట్యూబులైటు కింద తిరిగే ఫ్యాను చూసే ఉంటారు. ఒక్కోసారి రెక్కలు మెల్లగా వెనక్కి తిరుగుతున్నట్టు కనిపిస్తాయి. లైటు ఆరి వెలిగే లెక్కా, రెక్క వచ్చే లెక్కా దగ్గర దగ్గరగా ఉన్నప్పుడు కన్ను మోసపోతుంది. పెట్టెలోని కంప్యూటరు కూడా సాక్షులను నిరంతరం వినదు, సెకనుకు ఇన్నిసార్లు అని తలుపు తెరిచి వింటుంది. సెకనుకు 100 సార్లు వింటుంది అనుకుందాం. బయట వణుకు సెకనుకు 101 సార్లు ఉంటే, కంప్యూటరుకు అది సెకనుకు ఒక్కసారి మెల్లగా ఊగినట్టు వినిపిస్తుంది. లేని ఊగుడును నిజం అనుకుంటుంది. తయారుచేసేవాళ్ళు ఇంకా చాలా వేగంగా వినేటట్టు, మధ్యలో జల్లెడ పెట్టి చేస్తారు. అయినా జల్లెడకూ ఒక హద్దు ఉంటుంది.

రెండో మోసం యాక్సిలరోమీటర్‌తో. వణుకు మరీ ఎక్కువైతే అది కొలవగల హద్దు దాటిపోతుంది. పైకి ఎక్కువ, కిందికి తక్కువ కోసేస్తే సగటు జరిగిపోతుంది. గురుత్వాకర్షణలో 0.017 వంతు తేడా వస్తే చాలు, ఒక డిగ్రీ ఒరుగు. అంత చిన్న తేడా. మూడో మోసం, పెట్టె మూలల మీద గిరికీలు కొట్టినట్టు వణికితే, పడబోయే బొంగరం తల తిరిగినట్టు, జైరోకు లేని తిరుగుడు ఉన్నట్టు అనిపిస్తుంది.

ఇక్కడ ఒకాయన అడగొచ్చు. "తయారుచేసిన చోటే వణికించి చూడరా?" చూస్తారు. డీఓ-160 అని ఒక ప్రమాణ పత్రం ఉంది, దాంట్లో ఎనిమిదో విభాగం మొత్తం కంపన పరీక్షలే. పెట్టెను వణికే బల్లమీద బిగించి, మూడు వైపులా గంటల కొద్దీ ఊపి, పాసైతేనే బయటికి పంపుతారు. కానీ ఆ బల్ల గట్టి ఇనుము. విమానంలో పెట్టె కూర్చునేది పలుచని అల్యూమినియం అర మీద. బల్ల మీద పాసైన పెట్టె అర మీద ఫెయిలు కావచ్చు. తప్పు పెట్టెది కాదు, కూర్చున్న చోటుది.

మన ఇళ్ళల్లోనే ఉంది ఉదాహరణ. కోయంబత్తూరు నుంచి తెచ్చిన కొత్త గ్రైండరు అంగట్లో గుయ్‌మని మెత్తగా తిరుగుతుంది. ఇంటికి తెచ్చి మిద్దె మీద ఒక కాలు ఆనని చోట పెడితే దడదడలాడుతుంది. అదే గ్రైండరు, అదే మోటారు. ఒక కాలు కింద అట్టముక్క పెడితే సద్దుమణుగుతుంది.

ఇంకో ఉదాహరణ. ఉత్సవంలో దేవరాట్టం ఆడేటప్పుడు ఉరుమి మోగుతుంది కదా. పక్కన గోడకు తగిలించిన ఇంకో ఉరుమి మీద చెయ్యి పెట్టి చూడండి. ఎవరూ కొట్టకుండానే దాని తోలు సన్నగా అదురుతూ ఉంటుంది. ప్రతి వస్తువుకూ దానికని ఒక అదురు లెక్క ఉంటుంది. ఆ లెక్కకు సరిపోయే అదురు బయటినుంచి వస్తే కొంచెమే అయినా అది పెద్దదై కూర్చుంటుంది. దీన్నే రెజొనెన్స్ అంటారు.

విమానంలో బయటి అదురు ఎక్కడిది? ఇంజనుది, ప్రొపెల్లరుది. ఇంజను నిమిషానికి 2,400 చుట్లు తిరిగితే సెకనుకు 40. రెండు రెక్కల ప్రొపెల్లరైతే సెకనుకు 80 గాలి దెబ్బలు. నాలుగు సిలిండర్ల ఇంజనులో ఒక చుట్టుకు రెండు పేలుళ్ళు, అవీ సెకనుకు 80. మూడు రెక్కల ప్రొపెల్లరు వేస్తే దెబ్బలు 120 అవుతాయి. థ్రాటిల్ కదిపినప్పుడల్లా ఈ అంకెలన్నీ మారతాయి. మారుతూ మారుతూ పెట్టె కూర్చున్న అర లెక్కను ఎక్కడో ఒకచోట తాకితే, ఆ ఒక్క చోట అర పిచ్చిగా ఊగుతుంది. ముందూ వెనుకా అంతా బాగానే ఉంటుంది.

అందుకే పెట్టె బిగించాక, విమానంలోనే, దాని ఇంజనుతోనే పరీక్ష చెయ్యాలి. చేసే తీరు చెప్తాను. ముందు విమానాన్ని సమంగా నిలబెట్టి ఒరుగు లెక్క సరిచూస్తారు. మాగ్నెటోమీటర్ కోసం విమానాన్ని మెల్లగా చుట్టూ తిప్పి దిక్కులు సరిచేస్తారు. ఆ తర్వాత ఇంజను వేడెక్కించి, చక్రాలకు అడ్డాలు పెట్టి, తెరను పరీక్ష మోడ్‌లో ఉంచి, కనిష్ఠ వేగం నుంచి పూర్తి వేగం దాకా ఒకటి రెండు నిమిషాల మీద మెల్లగా ఎక్కించి, అంతే మెల్లగా దించుతారు. పెట్టె తన వణుకును తానే కొలుచుకుని పాస్ అనో ఫెయిల్ అనో చెప్తుంది. ఏ పెట్టెకు ఏ వరస, ఎప్పుడెప్పుడు మళ్ళీ చెయ్యాలి అన్నది తయారీదారు పుస్తకంలో రాసి ఉంటుంది. ఆ పుస్తకమే చట్టం.

మెల్లగా అన్న మాటను పట్టుకోండి. ఒక్క ఊపులో థ్రాటిల్ తోసేస్తే ఆ చెడ్డ చోటును ఇంజను దాటిపోతుంది, అర ఊగడానికి వ్యవధి ఉండదు, పరీక్ష పాసవుతుంది. తొందరపడి చేసే పరీక్ష అసలు పరీక్షే కాదు.

ఇంకో వింత. పాతకాలపు బొంగరం పరికరాలున్న ప్యానెల్‌ను రబ్బరు బుష్‌ల మీద పెట్టేవాళ్ళు, బేరింగులు అరగకుండా. ఆ అలవాటుతో కొత్త పెట్టె కింద కూడా రబ్బరు పెడదామని చాలామందికి అనిపిస్తుంది. కూడదు. ఆ పెట్టె విమానం ఎముకకు ఎముకగా అతుక్కుని ఉండాలి. రబ్బరు మీద ఉంటే విమానం ఒరిగినప్పుడు పెట్టె ఒక తీరుగా, విమానం ఒక తీరుగా ఒరుగుతాయి. గ్రైండరుకు అట్టముక్క మందు, ఈ పెట్టెకు అదే విషం.

ఇప్పుడు నేను చూసిన ఒక సంగతి. ఉత్తరాదిన ఒక శిక్షణ సంస్థలో పని చేస్తున్నాను. పేరు అనవసరం. ఒక విమానంలో ఈ పెట్టె తప్పు చూపిస్తే, ట్రే సహా విప్పి కొత్తది వేశాం. ఒరుగు సరిచూశాం, దిక్కులు సరిచూశాం. మిగిలింది ఇంజను పరీక్ష. అప్పటికి రెండు రోజులుగా వాన. మరుసటి పొద్దున ఒక విద్యార్థినికి ఆ విమానంలో దూరప్రయాణం రాసి ఉంది. ఆమె గంటలు పూర్తి కావాలి, సంస్థకు డబ్బు రావాలి, నాలుగు విమానాల్లో రెండు ఇప్పటికే షెడ్డులో ఉన్నాయి.

పై అధికారి వచ్చి మర్యాదగానే అడిగాడు. "పాత పెట్టె ఉన్న చోటే కొత్తది పెట్టారు. అదే ట్రే, అదే స్క్రూలు. ఇన్నేళ్ళు లేని వణుకు ఈ రోజు వస్తుందా? సంతకం పెట్టండి, వాన తగ్గాక చూద్దాం." తెలివితక్కువ మాట కాదు అది. నూటికి తొంభైసార్లు ఆయన చెప్పిందే నిజమవుతుంది. కానీ విమానాన్ని పనికి వదిలే పత్రం మీద పేరు నాది. ట్రే కదిపితే ఆ పరీక్ష చెయ్యాలని పుస్తకంలో ఉంది. చెయ్యకుండా చేసినట్టు రాయలేను, చెయ్యలేదని రాస్తే విమానం ఎగరదు. ఆ రెండే దారులు. వాన వెలిసేదాకా ఆగుతానన్నాను. ఆయన ముఖం మాడ్చుకుని వెళ్ళిపోయాడు.

సాయంత్రం అరగంట తెరిపి ఇచ్చింది. విమానాన్ని బయటికి తోసి, గాలికి ఎదురు నిలిపి మొదలుపెట్టాం. 1,000, 1,200, 1,500, అంతా శాంతం. 1,900 దాటాక, సుమారు 1,950 దగ్గర ఫెయిల్. ఇంకా పైకి పోతే మళ్ళీ శాంతం. దించేటప్పుడు అదే చోట మళ్ళీ అదే. ఇంకోసారి చేశాం, అదే. 1,950 అంటే సెకనుకు 32.5 చుట్లు, రెండు రెక్కలు కాబట్టి 65 దెబ్బలు. ఏదో ఒకటి సెకనుకు 65 సార్లు ఊగడానికి సిద్ధంగా కూర్చుని ఉంది.

ప్యానెల్ వెనక దూరి లైటు వేసి చూశాను. ట్రే స్క్రూలన్నీ సరిగ్గా బిగిసి ఉన్నాయి. ట్రే కింది అరను వేలి కణుపుతో తడుతూ పోయాను. మూడు మూలలు ఠంగుమన్నాయి, నాలుగోది డబ్బుమంది. అక్కడ అరను చట్రానికి పట్టే బ్రాకెట్ మలుపులో వెంట్రుకంత పగులు. అద్దం పెట్టి చూస్తే తప్ప కనపడదు. ఎన్నాళ్ళ నుంచి ఉందో ఎవరు చెప్పగలరు? పాత పెట్టె ఎందుకు తప్పు చూపిందో కూడా అప్పుడు అర్థమైంది. పాపం, ఆ పెట్టె నిజమే చెప్తూ వచ్చింది. దాన్ని చెడిపోయిందని తీసేశాం.

ఇంకొక్క సంగతి గమనించండి. 1,950 దగ్గర ఆ రకం విమానం ఎప్పుడు నడుస్తుంది? దిగడానికి వస్తున్నప్పుడు, ఇంజను తగ్గించుకుని మెల్లగా కిందికి జారేటప్పుడు. పైన నేరుగా పోయేటప్పుడు గీత నిజం చెప్పేది. నేల దగ్గరపడి, మబ్బు కింది అంచు కోసం వెతుక్కునే సమయానికి అబద్ధం మొదలయ్యేది.

బ్రాకెట్ తెప్పించి, పుస్తకం చెప్పిన తీరున వేసి, మళ్ళీ పరీక్ష చేసేసరికి నాలుగు రోజులు పట్టింది. ఈసారి కింది నుంచి పైదాకా పాస్. ఆ అమ్మాయి ప్రయాణం వారం వెనక్కి పోయింది, నన్ను చూస్తే చిరాకు పడేది. ఆమెకు ఎవరూ ఏమీ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. ఏడాది ఒప్పందం ముగిశాక సంస్థ నాకు పొడిగింపు ఇవ్వలేదు. కారణం ఇదేనని ఎవరూ అనలేదు. ఆ అమ్మాయి ఇప్పుడు ఏదో పెద్ద కంపెనీలో నడుపుతూ ఉంటుంది. నడపాలనే కదా మనం చేసేది.

మా నైన ఈ లోయలో బావి మోటార్లు రిపేరు చేసేవాడు. మోటారు బిగించి ఊరికే వెళ్ళిపోయేవాడు కాదు. నడిపించి, దాని మీద రూపాయి బిళ్ళను అంచు మీద నిలబెట్టేవాడు. బిళ్ళ నిలబడితే డబ్బు తీసుకునేవాడు, పడిపోతే మళ్ళీ బోల్టులు విప్పేవాడు. రైతు "పోనీలే నైనా, నీళ్ళు వస్తా ఉండాయి కదా" అన్నా వినేవాడు కాదు. "నీళ్ళు ఈ రోజు వస్తాయి, బేరింగు ఆరు నెలలకు పోతుంది. అప్పుడు నువ్వు నా పేరే చెప్తావు" అనేవాడు. డీఓ-160 అంటే ఏమిటో ఆయనకు తెలియదు. బిగించిన చోటే పరీక్ష చెయ్యాలన్నది మాత్రం తెలుసు.

దిక్కు గురించి కూడా రెండు మాటలు. మాగ్నెటోమీటర్‌ను సాధారణంగా రెక్క చివరో, తోకలోనో పెడతారు, ఇంజను ఇనుముకూ కరెంటు తీగలకూ దూరంగా. అయినా పక్కన ఉండే లైటు వెలిగిస్తే దిక్కు మారుతుందా అని ఒక్కొక్క స్విచ్చి వేసి చూడాలి. ఒక ఇనప స్క్రూ చాలు ఉత్తరాన్ని తిప్పడానికి. మన ప్రాంతానికి ఇందులో ఒక విశేషం ఉంది. భూమి అయస్కాంత మధ్యరేఖ మన దక్షిణ కొస దగ్గరగా పోతుంది. తుంబాలో రాకెట్ కేంద్రం పెట్టి 1963లో మొదటి రాకెట్ వదిలింది కూడా అందుకే. ఆ రేఖ దగ్గర అయస్కాంతపు సూది నేలకు తల వంచదు, పడుకున్నట్టు సమంగా ఉంటుంది. ఉత్తర దేశాల్లో పైలట్‌లను తికమకపెట్టే దిక్సూచి వంపు తప్పులు మనకు చాలా తక్కువ. ప్రకృతి ఇచ్చిన ఆ వరాన్ని ఒక ఇనప స్క్రూతో పాడుచేసుకోకూడదు.

విమానం మనకెందుకులే అనుకునే రైతులకు కూడా ఇందులో పని ఉంది. ఇప్పుడు తోటలకు మందు కొట్టే డ్రోన్లు మన వైపూ వచ్చాయి. వాటి పొట్టలోనూ ఇదే జాతి జైరో, ఇదే యాక్సిలరోమీటర్ ఉంటాయి. ఒక రెక్క అంచు చిట్లినా, చేతి స్క్రూ వదులైనా వణుకు లోపలికి పాకుతుంది, డ్రోను తాగినవాడిలా ఊగుతుంది. చిట్లిన రెక్కను గమ్ము పెట్టి వాడకండి, మార్చండి. డ్రోనులో తయారీదారే లోపల మెత్త పెట్టి ఉంటే దాన్ని తియ్యకండి, లేకపోతే మీరుగా పెట్టకండి. ఎవరి పుస్తకం వాళ్ళది.

పైలట్ చదువుకు పంపే తల్లిదండ్రులకు నా మాట. ఫీజు, హాస్టలు, ఎన్ని విమానాలు అని అడుగుతారు. ఇంకో ప్రశ్న కూడా అడగండి. "పరికరం మార్చాక విమానంలో ఏ ఏ పరీక్షలు చేస్తారు? రికార్డు చూపిస్తారా?" జవాబు కంటే జవాబు చెప్పే తీరు చూడండి. మంచి సంస్థ సంతోషంగా చూపిస్తుంది. విసుక్కుంటే ఇంకో చోటు చూసుకోండి. పిల్లలకూ ఒక మాట నేర్పండి. మెకానిక్ ఆలస్యం చేస్తున్నాడంటే ఎందుకని అడగాలి, తొందరపెట్టకూడదు.

పైలట్ ఫీజు మోయలేని ఇళ్ళలోని పిల్లలకు ఇంకో దారి ఉంది. విమాన నిర్వహణ ఇంజనీరు చదువు. డీజీసీఏ లైసెన్సులో ఏవియానిక్స్‌కు బీ2 అని ఒక విభాగం ఉంది. లెక్కలు, ఫిజిక్సు, కెమిస్ట్రీతో ప్లస్ టూ చదివితే చేరొచ్చు. మన కోయంబత్తూరు పక్కన కలంగల్‌లో 1893లో పుట్టిన జి.డి. నాయుడు గారు మోటారు చూసి మోటారు నేర్చుకున్న మనిషి. ఆ ఊరికి దగ్గరే ఉన్న సూలూరు నుంచి ఇప్పుడు తేజస్ విమానాలు ఎగురుతున్నాయి. ఎగిరే ప్రతి విమానం వెనక ప్యానెల్ కింద దూరి వేలితో తట్టి వినే మనిషి ఒకడు కావాలి. ఆ పని మన పిల్లలకు చేతకానిది కాదు. వివరాలు కావలసినవాళ్ళు సంఘం ఆఫీసులో అడగండి, ఆదివారాలు నేను అక్కడే ఉంటాను.

వచ్చే నెల వేగం కొలిచే గొట్టంలో గూడు కట్టే కందిరీగ గురించి రాస్తాను. అంత చిన్న పురుగు అంత పెద్ద విమానాన్ని ఎట్లా ముంచుతుందో చూద్దురు గాని.